రెండో హంపి అనకండి

పుష్పగిరిని ‘రెండో హంపి’ అంటుంటారు. మెచ్చుకోలే గానీ, చిన్న ఊరిని పెద్ద ఊరికి నకలు చేసే మెచ్చుకోలు. చాపాడు నుంచి మైదుకూరు మీదుగా కడపకెళ్తూ మధ్యలో పక్కదారి పడితే, పెన్న ఒడ్డున కొండ మీద చెన్నకేశవుడి గుడి. అదే ప్రాంగణంలో శివుడూ ఉన్నాడు, ఉమామహేశ్వరుడిగా, సంతాన మల్లేశ్వరుడిగా. ఈ కొండ శైవులకి మధ్య కైలాసం, వైష్ణవులకి మధ్య అహోబిలం. అలాంటి చోట గోడల మీద ఏ కథ చెక్కారో చూడండి: కిరాతార్జునీయం. ఒకే పందిని ఇద్దరు కొడతారు. ఒకడు కృష్ణుడి చెలికాడు, ఇంకొకడు బోయ వేషంలో శివుడు. నాదంటే నాదని కలబడతారు, ఆ కొట్లాటలోనే అర్జునుడు ఎదుటివాణ్ణి గుర్తుపడతాడు. కథ ఊరికే ఎంచుకున్నారని నేననుకోను.

చుట్టూ ఏనుగులు, గుర్రాలు, నాట్యగత్తెలు బారులు తీరి ఉంటారు. మనమేమో ఒక్క నాట్యగత్తెను ఫ్రేములో బిగించి ఇన్‌స్టాలో పెట్టి ‘వావ్’ అంటాం. (హ్యాష్‌ట్యాగు కూడా హంపీదే.) గోడ వెంట నడిస్తే తప్ప ఈ శిల్పం కథగా అందదు. రాయి ఎండకి కాలుతుంది, పొద్దున్నే వెళ్లండి.