నాలుగు గంటల తీపి

విశాఖ ద్వారకా నగర్‌లో ఒక మిఠాయి దుకాణం అద్దానికి ఈమధ్య కాగితం అంటించారు: "అన్నీ బెల్లంతో చేసినవి. షుగర్ ఉన్నవాళ్లు కూడా తినొచ్చు." లోపల సున్నుండలు, గవ్వలు, కొబ్బరి లడ్డూలు, నువ్వుల చిమ్మిలి. "నిజంగా తినొచ్చా బాబూ?" అని అడిగితే కౌంటర్లో కుర్రాడు తడుముకోకుండా చెప్పాడు: "పంచదార పలుకు కూడా లేదు మేడమ్. అచ్చంగా అనకాపల్లి బెల్లం." ఆ మాటలో అబద్ధమేమీ లేదు. తంటా అంతా అక్కడే ఉంది.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కితే అనకాపల్లి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. చెరకు మీద పరిశోధన చేసే కేంద్రం ఆ ఊళ్లో 1913 నుంచి ఉంది. అందుకే ఆ ఊరి పేరు ముందు పెడితే బెల్లానికి మందు హోదా వచ్చేస్తుంది. కానీ గానుగ దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్లకు ఈ భ్రమ నిలవదు. ఆడించిన రసాన్ని పెద్ద పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పినే మంటకు వేసి మరగబెడతారు. కాస్త సున్నం వేస్తారు. పైకి తేలిన మడ్డిని తోడేస్తారు. ఇక కలుపుతూ ఉండటమే. నీరంతా ఇగిరి పాకం ముదిరాక పోత పోస్తే దిమ్మ. టన్ను చెరకుకు దాదాపు క్వింటా బెల్లం దిగుతుంది. పోయింది పిప్పి, నీరు. మిగిలింది చక్కెరే, నూటికి ఎనభై పాళ్లకు పైగా. కొద్దిగా ఖనిజాలు, ఇంత ఇనుము ఉన్నమాట నిజమే. ఆ ఇనుము కోసమే అయితే రోజూ ఓ తోటకూర కట్ట వండుకోవడం నయం, పైగా చవక.

బెల్లం కొనేటప్పుడు మెరిసే పసుపు రంగు చూసి మోజు పడొద్దని కూడా చెప్పాలి. ఆ రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది. అలాగని మరీ నల్లబెల్లం అడిగితే కిరాణా కొట్టాయన మనల్ని ఎగాదిగా చూస్తాడు. సారా కాచేవాళ్లు అడిగేదీ అదే మరి.

నేను బెల్లం మానలేదు, మానను. పంచదారకు లేని రుచి, వాసన దానికున్నాయి. రుచి కోసం వాడుకుంటే చాలు, ఆరోగ్యం పేరు చెప్పి రెండు ఉండలు ఎక్కువ తినడమే కూడదు.

అసలు ఈ తీపి యావ ఎప్పుడు పుడుతుందో చూడండి. మా పేటలో అది సాయంత్రం నాలుగింటికి పుడుతుంది. బ్యాంకు పరీక్షల కోచింగ్ పిల్లలు ఒక బ్యాచి వదిలి ఇంకో బ్యాచికి వెళ్తూ ఉంటారు. ఆఫీసుల్లో వాళ్లు ఒళ్లు విరుచుకుని కిందికి దిగుతారు. మధ్యాహ్నం పళ్లెం నిండా తెల్లన్నం, పక్కన బంగాళాదుంప వేపుడు తిన్న ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పైకి లేచి, ఆ టైముకి జారుతుంది. కళ్లు మూతలు పడతాయి, నోరు తీపి కోరుతుంది. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, కూర ఒక గరిటె పెంచి చూడండి. నాలుగింటి గోల సగం అక్కడే అణుగుతుంది. మిగతా సగం అలవాటు. ఆ టైముకి ఆ మలుపులో ఆ బండి కనపడితే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి.

ఆగాక తాగేది టీ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి పంచదార 25 గ్రాములు దాటకూడదు. చెంచాకు నాలుగైదు గ్రాములు పడుతుంది. కప్పుకు రెండు చెంచాల చొప్పున మూడు టీలంటే ఆరు చెంచాలు. అంటే ఏ మిఠాయీ ముట్టకుండానే రోజు కోటా అయిపోయింది. మనం మాత్రం పెళ్లిలో తిన్న ఒక్క కాజా గురించి వారం రోజులు బాధపడతాం. రోజుకు మూడుసార్లు తాగే టీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

బండి దగ్గర ఇంకో చిక్కుంది. "పంచదార తక్కువ వెయ్యన్నా" అంటే అతను నవ్వుతాడు, ఎందుకంటే అతని చేతిలో ఏమీ లేదు. పాలు, పొడి, పంచదార ఒకే గిన్నెలో ఎప్పుడో మరిగిపోయాయి. అక్కడ అడగాల్సిన మాట "వితవుట్". విడిగా ఉన్న పాలు, డికాక్షను కలిపి ఇస్తాడు. పంచదార డబ్బా మన చేతికొస్తుంది. చెంచా మన చేతిలో ఉంటేనే ఈ సాధన మొదలవుతుంది. రెండు చెంచాల నుంచి ఒకటిన్నర. నాలుక దానికి అలవాటు పడ్డాక ఒకటి. ఆ తర్వాత అర. ఒక్కరోజులో మానేస్తానని ఒట్టేసుకున్నవాళ్లు శుక్రవారం మానేసి ఆదివారానికి జిలేబీ దగ్గర తేలడం చాలాసార్లు చూశాను.

నాలుక నిజంగా మారుతుందా? అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్ని నెలలు పంచదార బాగా తగ్గించి తిన్నవాళ్లకు, మూడో నెలకల్లా అదే పాయసం లాంటి పదార్థం మునుపటికంటే చాలా తియ్యగా తోచింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ తీపి మీద ఇష్టం మాత్రం తగ్గలేదు. నాకు ఈ రెండో ముక్కే ఎక్కువ నచ్చింది. ఇష్టం చావాలని ఎదురుచూడక్కర్లేదన్నమాట, తక్కువతో తీరితే చాలు.

ఇక బదులు ఏం తినాలి? మాత్రలు, పొడుల రూపంలో వచ్చే కృత్రిమ తీపి నన్ను ఎప్పుడూ ఆకట్టుకోలేదు. బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో చెప్పింది. ఇప్పటికే షుగర్ వ్యాధి ఉన్నవాళ్లకు ఆ సలహా వర్తించదంది, వాళ్లు డాక్టరు మాట వినాలి. ఖర్జూరాలు, తేనె కూడా చక్కెరలే. కాకపోతే ఖర్జూరంలో పీచుంది, నమలాలి, నాలుగు తినేసరికి చాలనిపిస్తుంది.

నాకు కుదిరిన వంట ఒకటి చెబుతాను. గ్లాసు చోడిపిండి. మీరు రాగులంటారేమో, మా వైపు చోళ్లు. చెంచాడు నెయ్యి వేసి సన్నసెగ మీద వేయించాలి. మొదట పచ్చిపిండి వాసన వస్తుంది. కాసేపటికి అది పోయి, తడిసిన మట్టి మీద ఎండ పడ్డట్టు ఒక వాసన లేస్తుంది. అప్పుడు దించాలి, ఇంకో నిమిషం ఆగితే చేదెక్కుతుంది. అరగ్లాసు నువ్వులు విడిగా వేయించి కచ్చాపచ్చాగా దంచాలి. గింజలు తీసిన ఖర్జూరం గుప్పెడు, వేడి మీదే రోట్లో వేసి పిండితో కలిపి నూరాలి. యాలకులు, చిటికెడు ఉప్పు. ఉప్పు మరవొద్దు, కొద్ది తీపిని ఎక్కువ చేసి చూపించేది అదే. ఉసిరికాయంత ఉండలు చుట్టి డబ్బాలో పెడితే నాలుగింటికి ఒకటి చాలు.

తీపి తగ్గించే ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. అరిసె పిండిని పట్టి ఉంచేది పాకమే. బెల్లం తగ్గిస్తే తీపితోపాటు అరిసె రూపే పోతుంది, నూనెలో విడిపోతుంది. పోకుండలదీ అదే కథ. కాబట్టి "హెల్తీ అరిసెలు" అని ఎవరైనా అంటే నాకు చిరాకు. సంక్రాంతికి సిసలైన అరిసె తినండి, భోజనం అయిన వెంటనే తినండి, ఒకటి తినండి. పాయసం, పాలతాలికల్లాంటివాటిలో బెల్లం మూడో వంతు తగ్గించినా ఎవరూ పోల్చుకోలేరు. మా ఇంట్లో ఇంతవరకు పోల్చుకోలేదు.

అన్నిటికంటే సులువైన బదులు సీతమ్మధార రైతు బజారులో, బీచ్ రోడ్డు బండ్ల మీద దొరుకుతుంది. ఎండాకాలం ముంజలు. తొలకరికి నేరేళ్లు. అక్టోబరు వస్తే మన్యం నుంచి సీతాఫలాలు. చలికాలం కాల్చిన తేగలు, బుర్రగుంజు. తేగ తినాలంటే తొక్క ఒలవాలి, పీచు లాగాలి, దవడ నొప్పెట్టేదాకా నమలాలి. పావుగంటలో ఒక తేగ ముగిసేసరికి మిఠాయి కొట్టు సంగతే గుర్తుండదు. పండ్లను రసం తీయించుకుంటే మాత్రం ఈ లాభం పోతుంది. మువ్వలు కట్టిన చెరకు రసం బండి మోత వినడానికి బాగుంటుంది కానీ, ఒక్క పెద్ద గ్లాసుతో పైన చెప్పిన 25 గ్రాములూ దాటిపోతాయి.

2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయని అంచనా వేసింది. మా వీధిలో ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా ఈ లెక్క నమ్మబుద్ధేస్తుంది. మందులు వాడేవాళ్లకు ఒక్క జాగ్రత్త: చక్కెర పడిపోయి చెమటలు పడుతున్నప్పుడు ఖర్జూరం, చోడి ఉండ అంటూ కూర్చోకూడదు. అప్పుడు గ్లూకోజో, పంచదార నీళ్లో వెంటనే తాగాలి.

పోతే, మాడుగుల హల్వా. రోజుల తరబడి నానిన గోధుమల పాలను నెయ్యిలో, తీపిలో గంటలకొద్దీ తిప్పి చేసేది. ఎవరో బంధువులు అటునుంచి వస్తూ డబ్బా తెస్తారు. దాన్ని తక్కువ నెయ్యితో, స్టీవియాతో చేయొచ్చని మొన్న ఒకావిడ నాకు ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. విన్నాను. డబ్బా వచ్చిన పూటే ముక్కలు కోసి పైవాళ్లకు, కిందవాళ్లకు, వాచ్‌మన్‌కు పంచి, మా వాటా రెండు ముక్కలు ఉంచుకుంటాం. వాటిలో నెయ్యి వేళ్లకు అంటాల్సిందే.