కనబడని బ్యాండ్

కణం లోపల వైరస్ ఏం చేసిందో జన్యువులు చూసి చెప్పేయొచ్చనుకునేవాళ్లకు నేను హీలా కణాలు చూపిస్తాను. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గడ్డ నుంచి తీసిన కణాలివి. వీటి డీఎన్ఏలో పాపిలోమా వైరస్ 18వ రకం జన్యువులు కలిసిపోయి ఉన్నాయి. కణవిభజనకు కళ్లెం వేసే పి53 జన్యువు మాత్రం చెక్కుచెదరలేదు. అయినా ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో పి53 ప్రోటీన్ బ్యాండ్ ఉందా లేదా అన్నట్టుంటుంది.

వైరస్ తాలూకు ఈ6 ప్రోటీన్, కణానికి చెందిన ఈ6ఏపీ ఎంజైమును పి53 మీదికి ఉసిగొల్పుతుంది. అది పి53కి యుబిక్విటిన్ తగిలిస్తుంది. అలా గుర్తు పడ్డదాన్ని ప్రోటియజోమ్ ముక్కలు చేస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఇక్కడ పట్టొచ్చు. ఎంజీ132 అనే రసాయనం వేసి ప్రోటియజోమ్‌ను ఆపితే కొన్ని గంటల్లో పి53 బ్యాండ్ పైకి తేలుతుంది.

అయితే బ్యాండ్ లేదనగానే అది వైరస్ పనేనని సంబరపడకూడదు. జెల్ నుంచి మెంబ్రేన్‌కు ప్రోటీన్ల ట్రాన్స్‌ఫర్ సరిగా కాకపోయినా, శాంపిల్ తక్కువ పడినా ఉండదు. ముందు, ఎలాగూ ఉండాల్సిన యాక్టిన్ ప్రోటీన్ బ్యాండ్ చూడాలి.

సిగ్నలింగ్ ఇంకా తిప్పలు పెడుతుంది. ఇంటర్‌ఫెరాన్ హెచ్చరిక అందితే స్టాట్1 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ చేరుతుంది. అది కేంద్రకంలోకి వెళ్లి వైరస్‌ను ఎదిరించే జన్యువులను లేపుతుంది. కణాలను పగలగొట్టాక ఫాస్ఫటేజులు ఆ ఫాస్ఫేట్లను ఊడగొడుతూనే ఉంటాయి. అందుకే ఐసు, ఫాస్ఫటేజులను ఆపే ఇన్‌హిబిటర్లు, చేతివేగం. యాంటీబాడీ మెంబ్రేన్ అంతటా అంటుకోకుండా చేసే బ్లాకింగ్‌కు మామూలుగా పాలపొడి చాలు. ఫాస్ఫేట్ చేరిన ప్రోటీన్‌ను వెతికే ఫాస్ఫో బ్లాట్‌కు చాలామంది బీఎస్ఏ అనే ప్రోటీన్ వాడతారు, పాలలోని కేసీన్‌కే బోలెడు ఫాస్ఫేట్లుంటాయి గనుక. ఇది చదివితే గుర్తుండదు; మెంబ్రేన్ మొత్తం నల్లబడితే జన్మలో మరవరు.

2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నెవన్ క్రోగన్ బృందం, మరికొందరు కలిసి మాస్ స్పెక్ట్రోమెట్రీతో వేల ఫాస్ఫేట్ స్థానాలను ఒకేసారి చూశారు. కోవిడ్ వైరస్ సోకిన కణాల్లో ఫాస్ఫేట్లు తగిలించే పీ38, సీకే2 కైనేజులు చురుకెక్కాయని తేల్చారు. ఒక్కో బ్యాండ్ కోసం రెండేసి రోజులు కూర్చునే మాలాంటివాళ్లకు అసూయ పుట్టించే పని. అయితే ఆ కొలతలు తీసింది వీరో కణాల్లో. అవి ఆఫ్రికా కోతి మూత్రపిండ కణాలు, సొంతంగా ఇంటర్‌ఫెరాన్ బీటా చేసుకోలేవు. ఏ కణాలో వాళ్లు దాచలేదు, వార్తల్లోనే అలాంటివి జారిపోవచ్చు.

కాబట్టి వైరస్ ఫలానా ప్రోటీన్‌ను పెంచిందనో, ఫలానా సిగ్నల్‌ను లేపిందనో ఈసారి చదివితే, ఏ కణాల్లో, సోకిన ఎన్ని గంటలకు అని అడగండి. ఫాస్ఫో బ్యాండ్ పక్కన అదే ప్రోటీన్ మొత్తం ఎంతుందో చెప్పే బ్యాండ్ చూపించకపోతే మాత్రం నమ్మకండి.