పెడల్ తిరిగితే పొట్టకు, పిరుదులకు అందే పని

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పొద్దున్నే సైకిలు తీసేవాళ్ళలో చాలామందికి ఉండే ప్రశ్న ఒకటే: ఇలా తొక్కితే పొట్ట తగ్గుతుందా, నడుం కింది భాగం బిగుస్తుందా? అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేస్తే గొప్ప పనితనాన్ని చూడకుండా దాటేసినట్టే. సైకిలూ దాని మీద కూర్చున్న ఒళ్ళూ కలిసి ఒకే యంత్రంగా నడుస్తాయి. ఆ యంత్రాన్ని ఒక్కో భాగమే పరిశీలిస్తే జవాబు దానంతట అదే తేలుతుంది.

పెడల్‌తో మొదలుపెడదాం. పెడల్‌ను ఇరుసుకు కలిపే చేతిని క్రాంక్ అంటారు. దాని పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. పాదం గీసే వలయానికి అదే వ్యాసార్ధం. ఆ వలయాన్ని గడియారంగా అనుకుంటే, తోపుడు బాగా పనికొచ్చేది మూడు గంటల దగ్గర, క్రాంక్ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు. పన్నెండు దగ్గర, ఆరు దగ్గర ఎంత బలంగా నొక్కినా ఆ బలం ఇరుసు మీదే పడుతుంది, చక్రం తిరగదు. రెండు క్రాంకులూ ఎదురెదురుగా ఉంటాయి కనుక రెండు కాళ్ళకూ ఆ ఖాళీ క్షణం ఒకేసారి వస్తుంది. దాన్ని దాటించేవి బండికి అప్పటికే ఉన్న ఊపు, చీలమండ చేసే చిన్న కదలిక. అలవాటైనవాళ్ళ తొక్కుడులో కుదుపు కనిపించకపోవడానికి కారణం ఈ అతుకు సాఫీగా కుదరడమే.

పన్నెండు నుంచి అయిదు దాకా కాలు కిందికి దిగేటప్పుడు రెండు కీళ్ళు విప్పుకుంటాయి. మోకాలిని విప్పేవి తొడ ముందరి కండరాలు. తుంటి కీలును విప్పేది పిరుదు కండరం. ఇది ఒంట్లోకెల్లా పెద్ద కండరం; కటి ఎముక వెనకా వెన్ను అడుగునా మొదలై తొడ ఎముకకు, తొడ బయటి పక్కన దిగే గట్టి పట్టీకి అతుక్కుంటుంది. తొడ పైకి మడిచి ఉన్నప్పుడు అది సాగి ఉంటుంది. అక్కడి నుంచి ముడుచుకుంటూ తొడను వెనక్కి తోస్తుంది. అందుకే నిటారుగా కూర్చుని తీరిగ్గా తొక్కేవారికంటే, కాస్త ముందుకు వంగి ఎత్తు ఎక్కేవారి పిరుదులకు ఎక్కువ పని పడుతుంది. దాని పక్కనే తుంటి వైపు ఉండే మరో కండరం కటి అటూ ఇటూ ఒరగకుండా పట్టుకుంటుంది. ఇలా నేరుగా పని పడే భాగం కనుక, తుంటి దగ్గర కండ గట్టిపడుతుందన్న మాట నిజమే.

పొట్ట సంగతి వేరు. ఇక్కడి కండరాలు కదలవు, కదలకుండా నిలబెడతాయి. కుడికాలు నొక్కినప్పుడల్లా కటి ఒక పక్కకు తిరగబోతుంది, ఎడమకాలు నొక్కితే రెండో పక్కకు. పక్కటెముకల నుంచి ఏటవాలుగా దిగే కండరాలు, నడుం చుట్టూ అడ్డంగా చుట్టుకున్న లోపలి పొర ఆ తిప్పుడును ఆపుతాయి. ఈ ఆసరా గట్టిగా ఉంటేనే కాలి బలం వృథా కాకుండా పెడల్‌కు చేరుతుంది. కానీ సీటు, హ్యాండిలు కూడా ఒంటిని మోస్తాయి కాబట్టి సమతలం మీద ఈ కండరాలకు పడే భారం తక్కువే. పొట్ట కండరాలకు సైకిలు ఓర్పు నేర్పుతుంది. దిట్టతనం కావాలంటే నేల మీద చేసే ప్లాంక్ లాంటి వ్యాయామం తోడు కావాలి.

కండరం బిగువు ఒక పని, దాని మీది కొవ్వు తగ్గడం మరో పని. రెండింటికీ దారులు వేరు. కొవ్వు కణంలో ట్రైగ్లిజరైడ్ రూపంలో నిల్వ ఉంటుంది. తొక్కడం మొదలెట్టగానే అడ్రినలిన్ వంటి హార్మోన్లు రక్తంలో పెరుగుతాయి; కణంలోని ఎంజైములు ఆ నిల్వను గ్లిజరాల్‌గా, కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొవ్వు ఆమ్లాలను రక్తంలో మోసుకుపోయి కండరాలకు అందిస్తుంది. అక్కడ మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో కలిసి అవి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారతాయి. 2014లో వెలువడిన ఒక లెక్క ప్రకారం 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు ఊపిరిలోని వాయువుగా, 1.6 కిలోలు నీరుగా బయటికి పోతాయి. కరిగిన పొట్టలో ఎక్కువ భాగం వెళ్ళేది ముక్కులోంచి అన్నమాట.

రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది కనుక కొవ్వు ఒళ్ళంతటి నుంచీ వస్తుంది. పనిచేసే కండరం మీదున్నదే ముందు కరగాలన్న నియమం లేదు. 1971లో అమెరికాలో టెన్నిస్ ఆటగాళ్ళ చేతులు కొలిచారు. ఏళ్ళ తరబడి బంతి కొట్టిన చేతిలో కండ ఎక్కువే, చర్మం కింది కొవ్వు మందం మాత్రం రెండు చేతుల్లోనూ ఒకటే. 1984లో మరో పరిశోధన కోసం మగవాళ్ళు 27 రోజుల్లో 5,004 సిటప్‌లు చేశారు. పొట్ట, వీపు, పిరుదుల్లోని కొవ్వు కణాలు ఒకే తీరున చిన్నవయ్యాయి. ఎక్కడి నిల్వ ముందు విడుదలవుతుందన్నది కణం పైపొరలోని గ్రాహకాలను బట్టి ఉంటుంది. ఆడవాళ్ళ తుంటి, తొడల దగ్గర విడుదలను అడ్డుకునే రకం గ్రాహకాలు ఎక్కువ. అందుకే పొట్ట ముందు తగ్గి తుంటి ఆలస్యమైతే లోపం తొక్కుడులో లేదు, ఒంటి కట్టుబడే అలాంటిది. పేగుల చుట్టూ పేరుకునే లోపలి కొవ్వు మాత్రం ఇలాంటి వ్యాయామానికి బాగా లొంగుతుంది. షుగరు, గుండె జబ్బులకు దారితీసేది కూడా ఎక్కువగా అదే.

ఇక బండి వైపు చూద్దాం. ముందు 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు, 28 అంగుళాల చక్రం ఉన్న మామూలు సైకిలును తీసుకుంటే, పెడల్ ఒక్క చుట్టుకు చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి బండి సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 55 చుట్లు తిప్పితే గంటకు 18 కిలోమీటర్ల వేగం. ఆ వేగంతో 60 కిలోల మనిషి గంటసేపు తొక్కితే సుమారు 400 కిలోకేలరీలు ఖర్చవుతాయి. కిలో కొవ్వులో ఉన్నవి దాదాపు 7,700. పళ్ళెంలో కొసరు వడ్డనలు మామూలుగానే సాగితే రోడ్డు మీద సంపాదించింది ఇంట్లోనే చెల్లిపోతుంది.

ఇంత పనితనమూ కుదరాలంటే సీటు ఎత్తు కుదరాలి. మేస్త్రీ సీటు గొట్టం బోల్టు వదులుచేసి, మిమ్మల్ని ఎక్కించి, మడమను పెడల్ మీద పెట్టమంటాడు. పెడల్ అన్నిటికంటే కిందికి దిగినప్పుడు మోకాలు తిన్నగా రావాలి. తర్వాత పాదం ముందు భాగాన్ని పెడల్ మీదికి తెస్తే మోకాలు 25 నుంచి 35 డిగ్రీల దాకా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు కిందికి ఉంటే తుంటి కీలు పూర్తిగా విప్పుకోదు, పిరుదుకు అందాల్సిన పని మోకాలి మీద పడుతుంది. మరీ పైకి ఉంటే నడుం ప్రతి చుట్టుకూ అటూ ఇటూ జారుతుంది. అంగుళం తేడాతో పని ఒక కండరం నుంచి మరో కండరానికి మారిపోతుంది.

అన్నీ కుదిరాక మిగిలింది రోడ్డు. దక్కన్ పీఠభూమి గుట్టలూ చెరువులూ ఉన్న నేల. మేడ్చల్, శామీర్‌పేట మధ్య దారి కూడా లేచి దిగుతూనే ఉంటుంది. వంద మీటర్లకు రెండు మీటర్లు లేచే ఎత్తు కంటికి ఆనదు. కానీ మనిషీ బండీ కలిపి 80 కిలోలై, గంటకు 15 కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలంటే అక్కడ అదనంగా 65 వాట్ల శక్తి కావాలి. సమతలం మీద గాలినీ టైరు రాపిడినీ నెట్టడానికి పట్టేది సుమారు 50 వాట్లే. అంటే శ్రమ రెట్టింపు దాటింది, ఆ అదనంలో మంచి భాగం పిరుదు కండరానిది. దిగుడులో ఫ్రీవీల్ పళ్ళు టకటకమంటూ కాళ్ళను వదిలేస్తాయి, ఊపిరి కుదుటపడుతుంది. వ్యాయామశాలలో మీట నొక్కి తెచ్చుకునే హెచ్చుతగ్గులను ఈ నేల ఊరికే ఇస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదికి సైకిళ్ళను రానివ్వరు. సర్వీసు రోడ్డు పట్టుకోవాలి. రాజీవ్ రహదారి మీద లారీల వేగం ఎక్కువ కాబట్టి వెనక ఎర్ర దీపం, తలకు హెల్మెట్ తప్పనిసరి.

మొత్తం కలిపి చూస్తే జవాబు స్పష్టం. సైకిలు తుంటిని నేరుగా బిగిస్తుంది, పొట్టకు నిలకడ నేర్పుతుంది, కొవ్వును ఒళ్ళంతటి నుంచీ కలిపి తగ్గిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం. మాట్లాడగలిగేంత, పాట మాత్రం పాడలేనంత ఆయాసంతో వారానికి నాలుగు రోజులు ముప్పావు గంట తొక్కి, మరో రెండు రోజులు గుంజీలు, ప్లాంకు చేస్తే అది పూర్తవుతుంది. ఫలితాన్ని తూకం యంత్రం కంటే టేపు బాగా చూపిస్తుంది, ఎందుకంటే కండ పెరిగి కొవ్వు తగ్గినప్పుడు బరువు కదలకపోవచ్చు. మన దేశపు వైద్యులు నడుం చుట్టుకొలతకు పెట్టిన హద్దు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు. నెలకోసారి ఊపిరి వదిలి కొలుచుకోండి. ఆ అంకె మెల్లగా దిగుతోందంటే యంత్రంలో ప్రతి భాగమూ తన పని చేస్తోందని అర్థం.