శాతవాహన నాణెములు: వెల, విలువ

భివండి మరమగ్గములపై జీవించు తెలుగువారిలో పెక్కుమంది పూర్వులు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చినవారు. పాత నాణెము చేజిక్కినచో వారేగాక లోకమెల్ల మొదట అడుగునది దాని వెల. అది యెక్కడ దొరకెనను ప్రశ్న పిమ్మటగాని పుట్టదు. పెక్కుమార్లు పుట్టనే పుట్టదు.

ఈ క్రమమెంత విపరీతమో తెలియుటకు దూరము పోనక్కరలేదు. 1906లో నాసికమండలమందలి జోగల్‌థెంబిలో 13,250 వెండి నాణెముల నిధి బయల్పడెను. అవి క్షహరాత ప్రభువగు నహపానునివి. వానిలో 9,270కి పైబడిన వానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను మరల కొట్టించెను: ఒకవైపు మూడు వంపుల కొండ, రెండవవైపు ఉజ్జయినీ చిహ్నము. వాని క్రిందనుండి ఓడిన రాజు ముఖము, గ్రీకు అక్షరములు నేటికిని తొంగిచూచుచుండును. రూపము చెడిన ఇట్టి నాణెమును అందము కోరు సేకర్త త్రోసిపుచ్చవచ్చును. చరిత్రకారునకు ఆ చెడుటయే ధనము. తన కుమారుడు క్షహరాతవంశమును నిశ్శేషము చేసెనని గౌతమీబాలశ్రీ నాసికశాసనము చెప్పుమాట కేవలము తల్లి పొగడ్త కాదని తేల్చినది ఈ కుప్పయే. విడివిడిగ అమ్ముడుపోయియున్నచో ఆ లెక్కయే దక్కెడిది కాదు.

గోదావరి వెంట క్రిందికి దిగిన కోటిలింగాల. అచ్చట గోభద, నారన, కంవాయ, సమగోపుల నాణెములతోపాటు ఛిముకుని నాణెములును లభించినవి. కల్యాణునుండి జున్నరుకు పోవు నానాఘాటు కనుమలో విగ్రహముకడ చెక్కిన సిముకుడే ఈ ఛిముకుడని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాదించిరి. వాదము బలమైనదే. కాని ఇంతమాత్రముచే శాతవాహనుల పుట్టినిల్లు తెలంగాణమేయని చాటుట తొందరపాటు. నాణెము వర్తకుని మూటలో ఊరూర తిరుగును గదా! ప్రతిమానాణెములపై రెండవవైపునగల ద్రావిడభాష తెలుగేయని మురియువారును ఇట్లే తొందరపడుచున్నారు. ఆ రూపములు తమిళమునకు సన్నిహితములనువారి పక్షము తేలికగ త్రోసివేయదగినది కాదు.

నకిలీల సంగతి వేరు. అచ్చున పోసిన నకిలీకి అంచున అతుకుగీతయు, పైన బుడగల గుంటలును, మొద్దుబారిన అక్షరములును ఉండును. అయినను ప్రాచీనులును కొన్ని నాణెములను పోతపోసిరి. కనుక ఒక్క గుర్తు చాలదు. తూకము, లోహము, లిపి, ముద్ర ఏకముఖముగ పలుకవలెను. చింతపండుతో తోమి మెరయించిన నాణెమో, ఏమియు పలుకదు.

నేలలో దొరకిన నిధి పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి నిధిచట్టము విధించినది. దానికి వెరచి దొరకినవాడు చోటు దాచును. కొన్నవాడు తోచిన ఊరు చెప్పును. కోటిలింగాల నాణెమొకటి ముంబయి అంగడిలో నాసికమున దొరకినదిగ చెల్లినచో, శాస్త్రిగారి వాదమునకు ఆధారమొకటి తగ్గును. ప్రతిపక్షమునకు లేని ఆధారమొకటి చేరును.