టొలెడో గద్ద

1954 టూర్ ద ఫ్రాన్స్‌లో ఒక కనుమను అందరికన్నా ముందు ఎక్కేసిన స్పెయిన్ కుర్రాడు, పైన సైకిల్ ఆపి ఐస్‌క్రీమ్ తింటూ నిలబడ్డాడు. ‘టొలెడో గద్ద’ ఫెదెరికో బహామోంతెస్ గురించి ఎవరు రాసినా ఈ కథ వదలరు. కొందరు పొగరన్నారు. స్పోకులు విరిగాయనీ, జట్టు కారు కోసం ఆగాననీ ఆయన చెప్పుకున్నాడు. ఇంకో కారణం కూడా ఉండొచ్చని నా అనుమానం. ఒంటరిగా లోయలోకి దిగడమంటే ఆయనకు భయం. తొలిరోజుల్లో ఓసారి దిగుతూ దిగుతూ ముళ్లపొదలో పడ్డాడని చెబుతారు.

చదును రోడ్డు మీద సైకిలిస్టుకు శత్రువు గాలి. ముందువాడి వెనక నక్కితే శ్రమ బాగా తగ్గుతుంది కాబట్టి గుంపంతా కలిసే సాగుతుంది. ఎగుడు మొదలైతే లెక్క మారిపోతుంది. వేగం తగ్గేకొద్దీ గాలి పట్టు సడలుతుంది, ఇక పోరంతా సొంత బరువుతోనే. కిలో బరువుకు ఎంత బలంగా తొక్కగలడన్నదే అక్కడ గెలుపును తేలుస్తుంది. కొండలెక్కే మొనగాళ్లు బక్కపలచగా ఉండేది ఇందుకే. చదునులో గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో వాళ్లను ముంచేదీ ఆ బక్కతనమే.

ఎక్కడంలోనూ ఎవరి పద్ధతి వారిది. బహామోంతెస్ సమకాలికుడు, లక్సెంబర్గ్‌కు చెందిన చార్లీ గాల్ చిన్న గేరులో, ఒకే లయలో, చకచకా తొక్కుతూ పోయేవాడు. బహామోంతెస్‌కు లయతో పనిలేదు. వెన్ను నిటారుగా పెట్టి, హ్యాండిల్ పైభాగం పట్టుకుని, ఉన్నట్టుండి సీటు మీంచి లేచి దూకేవాడు. కాస్త తగ్గేవాడు, మళ్లీ దూకేవాడు. వెంటపడ్డవాడు ప్రతి దూకుడుకీ బదులివ్వాలి. నాలుగైదుసార్లయ్యేసరికి వాడి కాళ్లలో సత్తువ ఉండదు. చూడ్డానికి వికారమే కానీ, చాలా క్రూరమైన తెలివి.

స్పెయిన్ అంతర్యుద్ధం తర్వాతి ఆకలి రోజుల్లో టొలెడో చుట్టుపక్కల దొంగసరుకు సైకిల్ మీద మోసిన కాళ్లు బహామోంతెస్‌వి. శిఖరాల దగ్గర ఇచ్చే పాయింట్లతో లెక్కించే ‘కొండల రాజు’ బహుమతి టూర్‌లో 1933 నుంచీ ఉంది. దాన్ని ఆయన ఆరుసార్లు గెలిచాడు. చాలాకాలం ఆయనకు అదే చాలు. మొత్తం పందెం మీద గురిపెట్టమని ఇటలీ దిగ్గజం ఫౌస్తో కొప్పి నచ్చజెప్పాక కథ మలుపు తిరిగింది. 1959లో పుయ్ ద దోమ్ కొండ మీద జరిగిన టైమ్ ట్రయల్ గెలిచి, గ్రెనోబుల్ దారిలో గాల్‌తో కలిసి గుంపును వదిలేసి, మొత్తం పందెంలో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ తొడుక్కున్నాడు. ఆల్ప్స్ దిగేటప్పుడు మళ్లీ తడబడ్డాడు. అయితే ఫ్రెంచి తారలు ఆంక్తీల్, రివియేర్‌లకు తమ దేశస్థుడే అయిన ఆంగ్లాద్ గెలవడం ఇష్టంలేదు. వాళ్ల కీచులాట ఈయనకు కలిసొచ్చింది. టూర్ గెలిచిన తొలి స్పెయిన్‌వాడు అలా పారిస్ చేరాడు.

అదృష్టమని తీసిపారేసేవాళ్లకు 1963 చూపిస్తాను. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. షామొనీ దశలో ఆయనతో సమంగా కొండెక్కడానికి ఆంక్తీల్‌కు తేలికపాటి సైకిల్ కావాలి. చెడిపోతే తప్ప సైకిల్ మార్చకూడదన్నది అప్పటి నియమం. గేరు తీగ తెగినట్టు నాటకమాడి మార్చాడు. ఆపైన షామొనీలో బహామోంతెస్‌నే ఓడించి దశ గెలిచాడు. పారిస్‌లో బహామోంతెస్‌కు రెండో స్థానం దక్కింది.