క్లీనరు సీటు నుంచి స్టీరింగు దాకా

హెవీ లైసెన్సు వచ్చినంత మాత్రాన లారీ తాళం చేతికి రాదు. చట్టం అడిగేది 20 ఏళ్ల వయసు, తేలికపాటి వాహనం లైసెన్సుతో ఏడాది అనుభవం. ఓనరు అడిగేది వేరు: "ఎవరి దగ్గర చేశావు?"

విజయవాడ ఆటోనగర్‌లో చాలామందికి ఆ జవాబు క్లీనరు పనిలోనే దొరుకుతుంది. రివర్సులో "రానీ... రానీ" అంటూ బాడీ మీద చరచడం, తాళ్లు బిగించి టార్పాలిన్ కట్టడం, రాడ్డుతో టైరు కొట్టి గాలి పసిగట్టడం. నిండు టైరు టంగుమంటుంది. గాలి దిగినది మొద్దుగా మూలుగుతుంది.

ఈ లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో కేంద్రం ఎత్తేసింది. బడి మానేసినవాళ్లకూ దారి దొరికింది.

ఓ రాత్రి 16వ నంబరు జాతీయ రహదారిపై "కాసేపు పట్టరా" అంటూ గురువైన డ్రైవరు సీటు వదులుతాడు. లోడుబండి ఎంత దూరానికి ఆగుతుందో కుర్రాడి కాలికి అప్పుడు తెలుస్తుంది. పొద్దున ఓనరుకు ఫోన్ చేసేదీ ఆ గురువే: "మనవాడేనండీ, బండి ఇవ్వొచ్చు."