సూత్రగ్రాహి ఎక్కడ నున్నాడు?

మన ప్రాచీన వాస్తుగ్రంథములు కట్టడపు పనిని నలుగురికి పంచియిచ్చినవి. స్థపతి సంకల్పించువాడు. సూత్రగ్రాహి ఆ సంకల్పమును త్రాటితోను కోలతోను నేలమీదికి గీతగా దింపువాడు. తక్షకుడు రాతిని, కొయ్యను చెక్కువాడు. వర్ధకి చెక్కినవానిని కూర్చువాడు. సూత్రగ్రాహి స్థపతికి కుమారుడో శిష్యుడో అయియుండవలెనని మయమతము చెప్పుచున్నది. ఈ మాటను పలువురు కులవృత్తికి సంబంధించిన నియమముగా చదివి విడిచిపెట్టుదురు. మాకట్లు తోచదు. నేడు గీత గీయుచున్నవాడు రేపటి స్థపతి యనియు, ఆ గీతలోనే అతనికి విద్య అబ్బవలెననియు దాని భావమని మేము తలచుచున్నాము. నేటి వాస్తుశిల్పుల కార్యాలయములలో కంప్యూటరు తెచ్చిన మార్పును విమర్శింపబూనినపుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినవాడు ఈ రెండవ మనిషియే.

ఈ మార్పును గూర్చి సాధారణముగా వినవచ్చునవి స్తుతి యొకటి, శోకమొకటి. యంత్రము కల్పనకు రెక్కలిచ్చినదని ఒకరు, చేతిలోని కళను చంపినదని మరియొకరు. ఇరువురును పనివాని బల్లను చూడకయే పలుకుచున్నారేమో యని మా సందేహము.

చరిత్ర పొడుగైనది కాదు. 1963లో ఐవాన్ సదర్లండ్ అను పరిశోధకుడు తెరమీద కాంతిలేఖినితో గీతలు గీయు ‘స్కెచ్‌ప్యాడ్’ను సిద్ధపరచెను. 1982లో ‘ఆటోకాడ్’ వచ్చెను. ట్రేసింగు కాగితము, టీ-స్క్వేరు, తప్పుగీతను బ్లేడుతో గీకి తీయుట, అమోనియా వాసనకొట్టు ప్రింట్లు మెల్లమెల్లగా మూలపడినవి. కాని ఆటోకాడ్ గీసినదియు గీతయే; గోడ యనగా రెండు సమాంతర రేఖలే. అసలు మార్పు ఆ తరువాతిది. చార్లెస్ ఈస్ట్‌మన్ 1970 ప్రాంతములలో ఊహించి, 2000 తరువాత ‘రెవిట్’ వంటి ఉపకరణములు వాడుకలోనికి తెచ్చిన పద్ధతిలో గోడ గీత కాదు, గోడయే. దానికి ఎత్తు కలదు, మందము కలదు, ఏ పదార్థముతో కట్టవలయునో ఆ సమాచారమును కలదు. ఒక కిటికీని జరిపినచో నేలపటమునందును, ముఖపటమునందును, కోతపటమునందును, కిటికీల పట్టికలోను అది తనంతట జరుగును. నీటిగొట్టము దూలమును చీల్చుకొని పోవుచున్నచో సిమెంటు పడకమునుపే తెలియును. తెలియకపోయినచో ఏమగునో మేస్త్రులనడిగిన చెప్పుదురు. పోసిన దూలమునకు ఉలితో కన్నము పెట్టవలసివచ్చుట వారికి నిత్యానుభవము. 2016 నుండి బ్రిటిషు ప్రభుత్వము తన నిధులతో కట్టించు భవనములకు ఈ పద్ధతిని విధించినది. ఇంతవరకు లాభము నిజము. దానిని కాదనువారితో మాకు వాదములేదు.

స్తుతిపాఠకులు మొదట చూపు కట్టడము స్పెయిన్ దేశమునందలి బిల్బావో నగరపు గుగ్గెన్‌హైమ్ ప్రదర్శనశాల. 1997లో తెరువబడినది. ఫ్రాన్సులో విమానముల రూపకల్పనకై పుట్టిన ‘కాటియా’ లేకున్నచో టైటానియము రేకులతో ఒంపులు తిరిగిన ఆ గోడలను కట్టుట దుర్లభమయ్యెడిదని అందరు ఒప్పుకొనుచున్నారు. అయితే దాని రూపకర్తయైన ఫ్రాంక్ గెహ్రీ స్వయముగా కంప్యూటరు ముందు కూర్చుండి గీసినవాడు కాడు. కాగితములను వంచి, కొయ్యముక్కలను పేర్చి, చేతితో నమూనాలు చేసినవాడు. ఆయన సహచరులు ఆ నమూనాల మీద కొలతలు తీసి యంత్రమునకెక్కించిరి. అక్కడ యంత్రము నిర్వహించినది స్థపతి స్థానము కాదు, సూత్రగ్రాహి స్థానము.

అదే గెహ్రీ కట్టిన లాస్ ఏంజెలెస్ సంగీతశాల 2003లో పూర్తియైనది. దాని నునుపైన ఉక్కురేకులు సూర్యకాంతిని ఎదురింటివారి కన్నులలోనికి కొట్టుచున్నవని గగ్గోలుపుట్టి, 2005లో వానిని గరుకుచేయవలసివచ్చెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో 2004లో ఆయన కట్టిన స్టాటా భవనము కారుచున్నదని, పగుళ్లిచ్చినదని ఆ విద్యాలయమువారు 2007లో వ్యాజ్యము వేసిరి. తరువాత ఉభయులును సమాధానపడిరి. తప్పెవరిదను చర్చ మాకు అక్కరలేదు. ఎంత సూక్ష్మముగా కొలతలుపెట్టిన పటమైనను, ఎండ ఎటు కొట్టును, వాన ఎక్కడ దిగును అని అడుగు మనిషి లేనిచో ఆ ప్రశ్నను తనంతట తాను వేయదు. మన పల్లెలో చూరు దించు వడ్రంగికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

బిల్బావోకు ఎదురుగా సిడ్నీ సంగీతనాటకశాలను నిలిపి చూపుట కూడ ఆచారమైనది. దానికి మొదట అంచనా 70 లక్షల డాలర్లు. 1973లో తెరచునాటికి ఖర్చు 10 కోట్ల 20 లక్షలు. నాడు కంప్యూటరు లేకపోవుటచే ఇట్లయ్యెనని చెప్పుదురు. ఇది సరికాదు. ఆరప్ సంస్థ ఇంజనీర్లు ఆ పైకప్పు లెక్కలకు కంప్యూటరునే వాడిరి. అచ్చటి కష్టము వేరు: పైకప్పు ఆకృతి తేలకమునుపే 1959లో పని ఆరంభించిరి. 1961లో యోర్న్ ఉట్సన్‌కు ఒక ఊహ తట్టినది. తెరచాపలవంటి ఆ పెంకులన్నియు ఒకే గోళమునుండి కోసిన ముక్కలైనచో అన్నిటి వంపు ఒకటే యగును, అచ్చులు పోసి కట్టవచ్చును. ఆ ఊహతో ముడి విడినది. లెక్కించుట యంత్రము చేసినది. ఏమి లెక్కింపవలెనో చెప్పినది మనిషి.

మా దృష్టిలో వీనియన్నిటికంటె విలువైన ఉదాహరణము బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియా దేవాలయము. 1882లో మొదలైన ఆ కట్టడమును మరుసటి యేట ఆంటోనీ గౌడీ చేతబట్టి, 1926లో ట్రాము క్రింద పడి మరణించువరకు విడువలేదు. ఆయన పటములకంటె సున్నపు నమూనాలను ఎక్కువ నమ్మినవాడు. 1936లో అంతర్యుద్ధపు అల్లరులలో ఆ నమూనాలను పగులగొట్టిరి, పటములను తగులబెట్టిరి. మిగిలినవి పెంకులు. 1979లో న్యూజీలండునుండి వచ్చిన మార్క్ బర్రీ అను యువకుడు ఆ పెంకులనుండి గౌడీ మనస్సును చదువుటకు పూనుకొనెను. మొదటి పదియేండ్లు పని కాగితముమీదనే నడచినది. తరువాతనే కంప్యూటరు ప్రవేశించినది. వాస్తుశిల్పుల ఉపకరణములు చాలక, అచ్చటను విమానములవారి కాటియాయే అక్కరకు వచ్చినది.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. గౌడీ కడపట ఎన్నుకొన్న ఉపరితలములు కంటికి ఎంత వంకరగా కనబడినను, తిన్నని గీతలను వరుసగా త్రిప్పుటచేత పుట్టునట్టివి. రెండు కమ్మీల నడుమ దారము బిగించి మేస్త్రి చూపగలడు. వట్టి సూత్రమే! అందుచేతనే గౌడీ పోయినను విద్య పోలేదు. పెంకులలో సూత్రము మిగిలినది. మొదటి పదియేండ్లు చేతితో గీసి ఆ సూత్రమును పట్టుకొన్నవాడే యంత్రమునకు దానిని చెప్పగలిగెను. ఆ పదియేండ్లు ఎగిరిపోయినచో ఏమయ్యెడిదని మేము తరచు తలపోయుదుము.

ఏలయన నేడు ఎగిరిపోవుచున్నవి ఆ యేండ్లే. పూర్వము కుర్రవాడు మెట్లకోతను నాలుగుమారులు గీసి, ఐదవమారు గురువు ఎఱ్ఱపెన్సిలు తిన్న తరువాత మెట్టన నేమో తెలిసికొనెడివాడు. నేడు సిద్ధముగా నున్న మెట్లను ఉపకరణపు కొట్టునుండి తీసి పెట్టును. అది సరిగానే కూర్చుండును. చిక్కు అక్కడనే యున్నది. అర్ధాలోచనముతో గీసిన పెన్సిలు గీత అర్ధాలోచనముగానే కనబడును. యంత్రముమీది పటము తొలినాడే తుదినిర్ణయమువలె మెరయును. చూచినవాడు ప్రశ్నించుటకు జంకును. అమరావతి శాసనసభకు లండనులోని ఫాస్టర్ సంస్థవారు సిద్ధపరచిన చిత్రములు మన ఆంధ్రులకు 2017 నుండి సుపరిచితములు. చలనచిత్ర దర్శకులు రాజమౌళిగారి సలహాను కూడ ప్రభుత్వము కోరినది. 2019 తరువాత పనులు ఆగి, 2025లో తిరిగి ఆరంభమైనవి. అంతకాలము కట్టడము లేకయే చిత్రము దేశమంతయు తిరిగినది. చిత్రమునకున్న ఈ బలమును తక్కువగా ఎంచరాదు.

ఇక ‘క్లౌడు’ సంగతి. పేరు మేఘమే గాని అది ఆకాశమున లేదు. పరుల భవనములో పరుల యంత్రము. దాని సహాయముచే లండనులోని స్థపతి, చెన్నైలోని ఇంజనీరు, బెంగుళూరులోని పటలేఖరి ఒకే నమూనామీద ఒకేసారి పనిచేయుచున్నారు. అక్కడ ప్రొద్దుక్రుంకినపుడు పంపిన సవరణలు ఇక్కడ తెల్లవారి పూర్తియై, వారు లేచుసరికి సిద్ధముగా నుండును. బెంగుళూరు, చెన్నై నగరములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలు పలువురు ఈ పనిలో నున్నారు. మంచి జీతములు, సంతోషమే. కాని వారు గీసిన మెట్లమీద వారెన్నడును నడువరు, ఆ కట్టడమునకు కారణమైన సంకల్పము వారికెవరును చెప్పరు. గీత వీరిది, శిష్యత్వము ఎవరిదియు కాదు. దీనిని సహకారమని పిలుచుట మాకు సమ్మతము కాదు.

యాజమాన్యపు మాట మరియొకటి. టీ-స్క్వేరు కొన్నవాడు దానికి ఏటేట అద్దె కట్టలేదు. రెవిట్‌ను అమ్ము ఆటోడెస్క్ సంస్థ 2016లో శాశ్వతముగా అమ్ముటను విడిచి, చందా పద్ధతికి మారినది. 2020 జూలైలో బ్రిటనులోని ప్రసిద్ధ వాస్తుశిల్ప సంస్థలు కొన్ని, ఖర్చు పెరుగుచున్నదేగాని ఉపకరణము మెరుగుపడుటలేదని ఆ సంస్థకు బహిరంగలేఖ వ్రాసినవి. అంతపెద్ద సంస్థలే మొరపెట్టుకొన్నపుడు మన ఊళ్లలో ఇద్దరు ముగ్గురితో నడచు కార్యాలయముల మాట చెప్పనేల? పైగా క్రొత్త రెవిట్‌లో భద్రపరచిన నమూనాను పాత రెవిట్ తెరువజాలదు. అందరికిని తెరువ వీలగు ‘ఐ.ఎఫ్.సి.’ అను ఉమ్మడి రూపమొకటి కలదు; 2013లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. అడిగి పుచ్చుకొను ఇంటి యజమానులు మాత్రము అరుదు.

ఇది వట్టి డబ్బు తగవని ఎవరైన అనుకొనవచ్చును. 2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ టవరు తగులబడి 72 మంది మరణించిరి. భవనమునకు తొడిగిన పైపూత పలకలు మండునట్టివి. ఎవరు ఎన్నుకొనిరి, ఎవరు సమ్మతించిరి అని విచారణలో అడిగినపుడు వాస్తుశిల్పి, కంట్రాక్టరు, అమ్మినవారు ఒకరిమీద నొకరు త్రోసికొనిరి. 2018లో జూడిత్ హ్యాకిట్ అను విదుషి ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, ఎత్తైన ప్రతి భవనమునకు రూపకల్పన మొదలు కాపురములవరకు తెగని సమాచారపు వరుస యొకటి కంప్యూటరులో ఉండవలెనని కోరెను. దానికామె యిచ్చిన పేరు ‘సువర్ణసూత్రము’. 2022లో అది చట్టమునకెక్కినది. మయమతము ఎరుగని దేశమునందు కూడ ఆ మాటయే దొరకుట మాకు ఆశ్చర్యమును కలిగించినది.

ఆ చట్టములో మేము మెచ్చినది కంప్యూటరును గూర్చిన భాగము కాదు. సూత్రమును పట్టుకొని యుండవలసిన మనిషిని అది పేరుపెట్టి నిలబెట్టినది. సూత్రము తెగినచో అతడే సమాధానము చెప్పవలెను. మన దేశమున 1972నాటి చట్టము ఆర్కిటెక్టను బిరుదమునకు రక్షణ కల్పించినదేగాని, నమూనా ఎవరివద్ద నుండవలెనో చెప్పలేదు. బెంగుళూరులోను హైదరాబాదులోను ముప్పది, నలుబది అంతస్తుల గృహసముదాయములు లేచుచున్నవి. ఆ యిండ్లు కొన్నవారి సంఘములకు తాళపుచెవులతోబాటు ఆ నమూనాయు, ఏ గోడలో ఏ తీగ పోయినదో తెలుపు పటములును అప్పగింపబడుచున్నవా అని మేము విచారించినచోట్ల, పెక్కుమందికి అట్టిదొకటి కలదనియే తెలియదు.